క్యాంపు నుంచి వచ్చిన సానరాయి

ఆ రాయిని దొంగిలించానని మద్దిలేటి ఏనాడూ అనుకోలేదు. నల్లమల అంటే ఎంత కొండ! దానికి మిషన్ పెట్టి నాలుగు వందల అడుగుల లోతు తొలిచి, లోపలి రాయిని కడ్డీల్లాగా బయటికి లాగి, నిలువునా రెండుగా చీల్చి, చెక్క పెట్టెల్లో వరసగా పేర్చి, పెయింటుతో నంబర్లు వేసి పెట్టారు సర్కారువాళ్ళు. అట్లాంటివి వేల రాళ్ళు. అందులోంచి జానెడు ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకుంటే కొండ తరిగిపోతుందా, సర్కారు చితికిపోతుందా? ఆళ్ళగడ్డ తాలూకాలో సర్కారు సొమ్ము ఎవరెవరు ఎంతెంత మింగారో బయటికి తీస్తే, ఈ రాయి ఎవరి కంటికీ ఆనదు. పైగా తను తెచ్చుకున్నది తన కోసం కాదు. బిడ్డ కోసం.

పెళ్ళైన పన్నెండేళ్ళకు దక్కిన బిడ్డ అది. అంతకు ముందు ఇద్దరు పుట్టి, పురిట్లోనే పోయారు. మూడోసారి నెల తప్పగానే మద్దిలేటి భార్య రామేశ్వరమ్మ వేవిళ్ళతోనే అహోబిలం మెట్లెక్కి మొక్కుకొని వచ్చింది. ఎనభై ఆరో సంవత్సరం శివరాత్రి ముందర ఆడపిల్ల పుట్టింది. చెంచులక్ష్మి అని పేరు పెట్టారు. బారసాల నాడు మద్దిలేటి వదిన, అంత మంది చుట్టాల ముందు, బిడ్డ మెడలో పిసరంత బంగారమైనా లేకపోయిందే అని దెప్పిపొడిచింది. మద్దిలేటికి రోషం వచ్చింది. క్యాంపులో తన ఉద్యోగం పర్మినెంటు కానీ, తులం బంగారంతో గొలుసు చేయిస్తానని అందరూ వినేటట్టు అనేశాడు. రోషంలో అన్న మాటే అయినా నిజంగానే చేయించాలనుకున్నాడు.

బంగారం సంగతి తర్వాత, ముందు సాన లేదే అని సతాయించింది తల్లి జయలక్ష్మమ్మ. పసిబిడ్డకు రోజూ నీళ్ళు పోశాక సాన మీద రెండు చుక్కల తల్లిపాలు వేసి, వస కొమ్మూ కరక్కాయా అరగదీసి నాకించాలి. అట్లా చేస్తేనే మాట స్పష్టంగా వస్తుంది, కడుపు ఉబ్బరం రాదు. ఆమె తన పిల్లలందరినీ అట్లాగే పెంచింది. కానీ ఇంట్లో ఉన్న పాత సాన అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెద్దకోడలి వాటాకు పోయింది. దాన్ని అడగడానికి జయలక్ష్మమ్మకు మనసొప్పదు. బండ మీద అరగదీస్తే మట్టి వస్తోందని రోజూ గొణిగేది.

సర్వే క్యాంపు వాళ్ళ ఊరు నల్లవాగుపల్లెకు కోసెడు దూరం. అక్కడ రాళ్ళ షెడ్డుకు కాపలాదారు మద్దిలేటే. చీల్చిన రాయి ఒకవైపు గుండ్రంగా, ఒకవైపు పలక మాదిరి చదునుగా, అరచేయి పెడితే జారిపోయేంత నున్నగా ఉండేది. ఒకరోజు మూలనున్న పెట్టెలోంచి ఒక ముక్క తీసి తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. నల్లటి రాయి, మధ్యలో ఆకుపచ్చ చారలు. జయలక్ష్మమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇట్లాంటి సాన జమీందార్ల ఇళ్ళల్లో కూడా ఉండదని కొడుకును మెచ్చుకుంది. ఆమె కొడుకును మెచ్చుకోవడం అరుదు.

ఆ రోజు నుంచి ఏడు నెలలు, ఒక్క పూట తప్పకుండా, ఆ ఇంట్లో పొద్దున్నే గరగరమని సాన చప్పుడు. అరగదీసిన గంధాన్ని జయలక్ష్మమ్మ బొట్టు కూడా పోనీయదు. చూపుడు వేలితో రాయిని నాలుగుసార్లు తుడిచి మొత్తం బిడ్డ నాలుకకు రాసేది. నాలుగు నెలలు వచ్చేసరికి బిడ్డ ఎంత గడుసుదైందంటే, చప్పుడు వినపడితే చాలు, ఎక్కడున్నా నాలుక బయటికి పెట్టి ఎదురుచూసేది. అది చూసి ఇంటిల్లిపాదీ నవ్వుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ మద్దిలేటి నవ్వేవాడు.

ఆ రాళ్ళెందుకో, ఏం చేస్తారో మద్దిలేటికి తెలుసు. క్యాంపు ఆఫీసరు యేసుదాసు విడమరచి చెప్పాడు. యేసుదాసు మనవాడే, నంద్యాలలో పుట్టి పెరిగినవాడు. మంచి మనిషి, పనివాళ్ళతో పాటు కూర్చొని రాగిసంగటి తినేవాడు. ఈ రాళ్ళలో యురేనియం ఉందేమో వెతుకుతున్నామనీ, దొరికితే పిడికెడు సరుకుతో ఆళ్ళగడ్డ మొత్తానికి ఏడాది పొడుగునా కరెంటు వస్తుందనీ చెప్పాడు. మద్దిలేటికి అది చాలు. మూడేళ్ళ కింద అతని బోరు దగ్గర మోటారు ఉండి కూడా, కరెంటు రోజుకు మూడు గంటలు రాక నాలుగెకరాల శెనక్కాయ నిలువునా ఎండిపోయింది. ఆ ఎండిన చేను కళ్ళముందు కదిలితే కరెంటు ఇస్తానన్నవాడు దేవుడే అనిపించేది.

ఈ విషయంలో అతనికీ బామ్మర్ది నారాయణకూ ఎప్పుడూ గొడవే. నారాయణ నంద్యాల రైసుమిల్లులో హమాలీ, యూనియన్ మనిషి, ఎర్రజెండా పార్టీ. ఆదివారం అక్కను చూడడానికి వచ్చేవాడు, అన్నం తినేలోపల బావతో వాదం పెట్టుకునేవాడు. బొగ్గు అయిపోతే దేశం చీకట్లో కూర్చోవాలా అని మద్దిలేటి అడిగేవాడు, ఆఫీసరు దగ్గర నేర్చుకున్న మాట అది. నారాయణ నవ్వేవాడు.

"శ్రీశైలం కట్టేటప్పుడు గూడ ఇట్లనే చెప్పినారు బావా. ఆత్మకూరు దిక్కు ఊర్లకూర్లు మునిగిపాయ. కరెంటు యాడికో పాయ. మనకేమొచ్చె? ఇప్పుడు ఈ కొండ తొలుస్తాండారు. బొక్కల్లో నుంచి ఆ రాతి నీళ్ళు వాగులోకొస్తాయ్, వాగు కుందేరులో కలుస్తాది, కుందేరు నీళ్ళు మనమే తాగాల."

"నీ చేను ఎండింటే తెలుస్తుండె నీకు," అనేవాడు మద్దిలేటి.

అంతటితో రామేశ్వరమ్మ ఇద్దరినీ కసిరేది. ఆ గొడవల్లో ఎవరూ గెలిచేవాళ్ళు కాదు, ఓడేవాళ్ళూ కాదు.

ఆశ్వయుజంలో ఒక ఆదివారం పొద్దున నారాయణ చేతిలో కరపత్రాల కట్టతో దిగాడు. పోయిన వేసవిలో రష్యాలో అణుకరెంటు ఫ్యాక్టరీ పేలిందనీ, గాలి పోయినంత దూరం పాలు పారబోసుకున్నారనీ పేపర్లలో వచ్చింది కదా, అప్పటి నుంచి అతని పార్టీ ఈ క్యాంపు మీద పడింది. వచ్చే గురువారం నంద్యాల టౌన్‌హాల్లో సర్కారువాళ్ళు జనానికి జవాబు చెప్పే మీటింగు పెడుతున్నారు. దానికోసమే కరపత్రం. నారాయణ అరుగు మీద కూర్చొని గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. మద్దిలేటి బీడీ వెలిగించుకొని, ఏం అబద్ధాలు రాశారో విందామని నవ్వుతూ కూర్చున్నాడు.

క్యాంపువాళ్ళు తీసే రాయిని చేత్తో తాకితే పెద్దగా ఏమీ కాకపోవచ్చు, కానీ దాని పొడి ఊపిరితోనో తిండితోనో కడుపులోకి పోతే ఎముకల్లో చేరి అక్కడే ఉండిపోతుంది, పసిపిల్లలకు మరీ ప్రమాదం అని రాసి ఉంది. నారాయణ ఆ వాక్యం చదువుతుండగానే లోపలి నుంచి చప్పుడు వచ్చింది. గరగర, గరగర.

మద్దిలేటి నోట్లో బీడీ అట్లాగే ఉండిపోయింది. లేచి లోపలికి పోయేసరికి తల్లి బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకొని సాన తుడుస్తోంది, బిడ్డ నాలుక చాచి ఉంది. అతను వంగి తల్లి చేతిలోంచి రాయి లాక్కున్నాడు. ఏమైందిరా అంటే, నోటికొచ్చింది చెప్పాడు. తేలు పాకినట్టు కనపడిందన్నాడు. పెరట్లోకి పోయి గడ్డివాము చాటున నిలబడి రాయిని చూశాడు. చదునుగా ఉండాల్సిన చోట ఒక గుంట ఉంది. ఏడు నెలల గుంట. బొటనవేలు పెట్టి చూశాడు, గోరంతా అందులో దిగింది.

ఆ గుంటలో ఉండాల్సిన రాయి ఎక్కడికి పోయింది? మద్దిలేటి ఈ ప్రశ్న తనను తాను అడుక్కున్నాడు, జవాబు కూడా తెలుసు, అందుకే గడ్డివాము పక్కనే కక్కుకున్నాడు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే రామేశ్వరమ్మ బతకదు. రాయిని గోనెపట్టాలో చుట్టి వాములో దూర్చి, సాన బావిలో పడిపోయిందని తల్లితో అబద్ధమాడాడు. ఆ రోజు నుంచి అతనికి తిండి లేదు, నిద్ర లేదు. బిడ్డ తుమ్మితే ఉలిక్కిపడేవాడు. నవ్వితే ఇంకా భయమేసేది. గోళ్ళు చూసేవాడు, కళ్ళ కింద రెప్ప లాగి చూసేవాడు, దువ్వెనలో వెంట్రుక కనపడితే గుండె జారిపోయేది. ఎముకల్లో చేరుతుందన్నారు కదా, అందుకని బిడ్డ మోకాళ్ళు నొక్కి చూసేవాడు. బిడ్డ చక్కిలిగింతలు పెడుతున్నాడనుకొని కిలకిలా నవ్వేది. ఈయనకేం పుట్టింది, ఎన్నడూ లేనిది బిడ్డను ఇడ్సిపెట్టడంలేదే అని రామేశ్వరమ్మ మురిసిపోయింది.

మంగళవారం క్యాంపులో ఇంకో పిడుగు పడింది. మీటింగులో చూపించడానికి మంచి రాళ్ళు ఏరుతూ యేసుదాసు మూల పెట్టె తెరిచాడు. అతని దగ్గర టిక్కుటిక్కుమనే యంత్రం ఒకటి ఉండేది, రాయిలో సరుకుంటే ఎక్కువ కొట్టుకుంటుంది. వేరే పెట్టెల దగ్గర చినుకులు పడినట్టు కొట్టుకున్న యంత్రం మూల పెట్టె దగ్గర ఆపకుండా మోగింది. ఈ పెట్టెలోదే అసలు సరుకు అన్నాడు యేసుదాసు సంతోషంగా. మరుక్షణమే అతని మొహం మారింది. వరసలో జానెడు ఖాళీ కనపడింది.

పనివాళ్ళందరినీ పిలిచి అడిగాడు. ఇది మామూలు రాయి కాదు, సర్కారు రహస్యం, ప్రతి ముక్కా తూచి రిజిస్టర్లో రాసింది, శనివారం లోపల దొరక్కపోతే పోలీసు రిపోర్టు ఇవ్వక తప్పదన్నాడు. అందరూ మద్దిలేటి వైపు చూశారు. షెడ్డు తాళం అతని మొలతాడుకే కదా ఉండేది. మద్దిలేటి తల అడ్డంగా ఊపాడు. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, బేడీలు పడతాయి. విప్పకపోతే, ఆ రాయి బిడ్డనేం చేస్తుందో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషిని అడిగే దారి లేదు. యంత్రం మోత చెవుల్లోంచి పోలేదు. నడుస్తుంటే వినపడింది, అన్నం ముందు కూర్చుంటే వినపడింది.

అదే రోజు సాయంత్రం యేసుదాసు అతన్ని పక్కకు పిలిచాడు. గురువారం మీటింగులో నువ్వు మాట్లాడాలి మద్దిలేటీ అన్నాడు. రెండేళ్ళుగా ఈ రాళ్ళ మధ్యే ఉన్నాను, నాకేం కాలేదు అని చెబితే చాలు, జనం మా మాట నమ్మరు, నీ మాట నమ్ముతారు అన్నాడు. ఇంటికొస్తే నారాయణ మనిషిని పంపాడు, బావ వచ్చి క్యాంపులో జరిగేదంతా చెబితే పార్టీ అండగా ఉంటుందని. రెండు పక్షాలకూ అతని నోరే కావలసి వచ్చింది. ఇద్దరికీ సరే అన్నాడు.

గురువారం రామేశ్వరమ్మనూ బిడ్డనూ తీసుకొని నంద్యాల బస్సెక్కాడు. తమ్ముణ్ణి చూసినట్టుంటుందని ఆమె కొత్త చీర కట్టుకుంది. రాయి అతని చేతిసంచిలో ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే బిడ్డకు దగ్గరవుతుందని సీటు కిందకు తోశాడు. సిరివెళ్ళ దగ్గర ఒకామె పిల్లాణ్ణి ఎత్తుకొని పక్కన కూర్చుంటే, సంచి లాక్కొని లేచి నిలబడి నంద్యాల దాకా నిలబడే పోయాడు.

టౌన్‌హాలు కిక్కిరిసింది. వేదిక మీద బల్ల, బల్ల మీద వరసగా రాళ్ళు. ఖద్దరు వేసుకున్న ఒక నాయకుడు లేచి, అణుశక్తి వద్దనేవాడు దేశద్రోహి, వాడికి లాంతరే గతి అన్నాడు. నారాయణ పార్టీ నాయకుడు లేచి, ముందు కాలువకు నీళ్ళివ్వండి, తర్వాత విషం తవ్వండి అన్నాడు. ఒకవైపు ఈలలు, ఒకవైపు నినాదాలు. యేసుదాసు రాయి ఒకటి చేతిలోకి తీసుకొని, ఇది నా ఊరు, మా అమ్మ ఇక్కడే ఉంది, ప్రమాదమైతే ఇక్కడికి తెస్తానా, కావాలంటే పట్టుకొని చూడండి అని ముందు వరసకు అందించాడు. తర్వాత మద్దిలేటి పేరు పిలిచాడు.

మద్దిలేటి మెట్లెక్కాడు. మైకు ముందు నిలబడి, సంచిలోంచి గోనెపట్టా తీసి, విప్పి, రాయిని బల్ల మీద మిగతా రాళ్ళ వరసలో పెట్టాడు.

"సార్, మీరు ఎతుకుతాండే రాయి ఇదే. తీసింది నేనే. జైల్లో పెట్టండి, పోతా," అన్నాడు. "దీని మీద మాయమ్మ ఏడు నెల్లు వస అరగదీసి నా బిడ్డకు నాకిచ్చింది. ఈ గుంటలో రాయంతా నా బిడ్డ తినింది. ఏమన్నా అయితాదా సార్? ఆ ఒక్క మాట చెప్పండి."

యేసుదాసు గుంట వైపు చూశాడు, మద్దిలేటి మొహం వైపు చూశాడు. మైకు వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఆ లోపలే ఎర్రజెండా నాయకుడు రాయి లాక్కొని పైకెత్తి, చూశారా కామ్రేడ్స్ అని అరిచాడు. ఖద్దరు నాయకుడు, వీడికి డబ్బిచ్చి తెచ్చారని అరిచాడు. కుర్చీలు లేచాయి. బిడ్డ సంగతి అడిగినవాడు లేడు. మద్దిలేటి కిందకు చూశాడు. ఆడవాళ్ళ వరసలో రామేశ్వరమ్మ బిడ్డను గుండెకు అదుముకొని నిలబడి ఉంది. అతను దిగి దగ్గరకు పోతే, బిడ్డను ఇవతలి భుజం మీద నుంచి అవతలి భుజం మీదకు మార్చుకుంది.

బస్టాండు దాకా నారాయణ వెంట వచ్చాడు. ఇన్నాళ్ళ వాదంలో గెలిచింది అతనే. "తప్పయిపాయ బావా, నేను చదవకుండా ఉండాల్సింది," అని స్తంభాన్ని పట్టుకొని భోరుమన్నాడు. తిరుగు బస్సులో రామేశ్వరమ్మ వేరే సీట్లో కూర్చుంది.

మర్నాడు పొద్దున మద్దిలేటి క్యాంపుకు పోయాడు. హాల్లో ఎర్రజెండావాళ్ళ చేతుల్లోంచి వెనక్కి తీసుకున్న రాయి అప్పటికే యేసుదాసు బల్ల మీదకు చేరింది. పోలీసులు ఎవరూ లేరు. యేసుదాసు రాత్రంతా నిద్రపోనట్టున్నాడు, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రిపోర్టు రాయనన్నాడు, దొరికిందని రాస్తానన్నాడు. బయట పెట్టుకుంటే ఈ రాయి ఏమీ చేయదు, అది నిజమే, కానీ తింటే ఏమవుతుందో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు అన్నాడు. ఈ మాట మైకులో చెప్పి ఉంటే బాగుండేదని మద్దిలేటికి అనిపించింది గానీ అనలేదు. పై ఆఫీసుకు రాస్తాను, హైదరాబాదులో డాక్టర్లకు చూపిస్తాను, బిడ్డ బాగానే ఉండవచ్చు అన్నాడు యేసుదాసు. ఆ చివరి మాట అంటూ కళ్ళు దించుకున్నాడు.

తిరిగి చేరిన రాయిని తూచి రాయడం రూలు. యేసుదాసు దాన్ని చిన్న త్రాసులో పెట్టాడు. పాత రిజిస్టర్ తీసి ముందరి తూకం చూశాడు. మళ్ళీ తూచాడు. కలం పట్టుకొని రాయకుండా అట్లాగే ఉండిపోయాడు.

"ఎంత తగ్గింది సార్?" అని అడిగాడు మద్దిలేటి.

"పన్నెండు గ్రాములు."

గ్రాముల్లో చెబితే మద్దిలేటికి అర్థం కాలేదు. మన తూకంలో చెప్పమన్నాడు. యేసుదాసు కలం పక్కన పెట్టాడు. తర్వాత, తులం అన్నాడు.

మద్దిలేటి బయటికొచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. బారసాల నాడు అందరి ముందూ అన్న మాట గుర్తొచ్చింది. బిడ్డ మెడలో వేస్తానన్నది తులం బంగారం. కడుపులో వేసింది తులం రాయి. తన చేతులతో తనే తెచ్చి ఇచ్చాడు. ఎవరినీ తిట్టడానికి కూడా లేదు. యేసుదాసు చేయి పట్టుకొని లేపబోతే వద్దని, తనే లేచి ఇంటి దారి పట్టాడు.

ఇంటి ముందర వదిన చెప్పులు కనపడ్డాయి. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. దెప్పిన మనిషే, పొద్దున్నే వచ్చి పాత సానను అత్త ముందు పెట్టి, గోడకానుకొని కూర్చుంది. జయలక్ష్మమ్మ మొండిగా బిడ్డకు నీళ్ళు పోసి, పొగ వేసి, ఎప్పటిలాగే కాళ్ళు చాపుకొని కూర్చుంది. నలుగురు పిల్లల్ని ఇట్లనే సాకినా, దీనికేం కాదు, నా చేత్తో ఏం కాదు అని తనలో తను గొణుక్కుంటూ పాత సాన మీద పాలచుక్కలు వేసింది. కరక్కాయ రాయికి ఆనింది. గరగరమంది.

గుమ్మంలో మద్దిలేటి ఆగిపోయాడు. రామేశ్వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వదిన తల తిప్పుకుంది. ముసలామె చేయి కూడా ఆ చప్పుడుకే నిలిచిపోయింది. ఆ ఇంట్లో భయం తెలియనిది ఒక్క బిడ్డే. చప్పుడు వినపడగానే అది అందరి మొహాలూ చూసి నవ్వి, ఎప్పటిలాగే నాలుక బయటికి పెట్టింది.